రెండో నంబరు

నరన్‌తూల్ బజారులో, తుప్పు పట్టిన పొయ్యి గొట్టాల పక్కన
కంబళి పరుచుకుని అమ్ముతున్నాడా ముసలాయన.
లక్షా ఎనభై వేల తుగ్రిక్‌లు. గంట బేరమాడితే పదివేలు దిగాడు.
కెమెరా, చెమటకు పాలిపోయిన మెడపట్టీ, ఛార్జరు,
ఒక బ్యాటరీ. దాని వీపు మీద
ఎర్రటి గోళ్ళరంగుతో రాసిన అంకె: రెండు.

నాకు కావలసింది పెద్ద పనేమీ కాదు.
కుట్టిన బూట్లకు ఫోటోలు తీసి దూరపు ఊళ్ళవాళ్ళకు పంపాలి.
నా ఫోనులో తీస్తే కుట్టు కనపడదు,
కుట్టు కనపడకపోతే
నా బూటుకీ ఫ్యాక్టరీ బూటుకీ తేడా ఏముంది?

ఇంటికొచ్చి ఛార్జరులో పెట్టాను.
లైటు గబగబా మిణికింది, కన్ను అదిరినట్టు.
వెనకాల అతికించిన బొమ్మల ప్రకారం
నిదానంగా మిణికితే తింటున్నట్టు,
గబగబా మిణికితే జబ్బు.

తీశాను, పెట్టాను. ఇంకో గోడ ప్లగ్గులో పెట్టాను.
రాగి నాలుకల్ని మా పిల్లాడి రబ్బరుతో రుద్దాను,
నల్లటి పొట్టు రాలింది.
తోలు తుడిచే ఉన్నిగుడ్డతో మెరుగు పెట్టాను,
దానికున్న నూనె అంటి ఇంకా చెడింది. మళ్ళీ రబ్బరు.
ఉబ్బితే బొంగరంలా తిరుగుతుందంటే
బల్ల మీద వేసి తిప్పాను. తిరగలేదు.
అంటే ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు.

మా మరిది గన్‌బాత్‌కు తెలియనిది లేదు:
"ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టు వదినా, ప్రాణమొస్తుంది."
కిటికీ బయట మైనస్ ముప్పై రెండు.
ఊరు ఊరంతా ఫ్రీజర్‌లోనే ఉంది,
ఎవరికొచ్చింది ప్రాణం?

చలికి మొండికేసిందేమోనని
ఆ రాత్రి చంకలో పెట్టుకుని పడుకున్నాను,
తల్లి వదిలేసిన గొర్రెపిల్లను పెట్టుకున్నట్టు.
తెల్లారి లైటు నిదానంగా మిణికింది. ఒకటి. రెండు.
మూడు. ఊపిరి బిగబట్టాను.
నాలుగోదాని నుంచి మళ్ళీ గబగబ.

ఆదివారం తిట్టడానికే వెళ్ళాను.
బస్సులో కూర్చుని మాటలకు పదును పెట్టాను,
తోలు కత్తికి పెట్టినట్టు.
అతని పేరు చులూన్, అంటే రాయి.
నా మాటలన్నీ తగిలి, అక్కడే పడిపోయాయి.

బ్యాటరీని అరచేతిలో తూచి చూశాడు.
"రెండోది. ఎప్పుడూ సోమరే.
పెళ్ళిళ్ళలో భోజనాల దాకా వచ్చేది,
ఆ తర్వాత బండి లాగేది ఒకటోదే."

మరి ఒకటోది ఏదీ?

కంబళి అంచు ఎత్తి చూశాడు. స్క్రూల డబ్బా వంచి చూశాడు.
ఆలోచిస్తూ చేయి దేల్ లోపలికి, ఎడమ వైపుకి పోనిచ్చాడు,
ఆగిపోయాడు.

బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది,
అప్పుడే పెట్టిన గుడ్డులా.
"చలిలో ఫోటోలు తీసేవాళ్ళం,
మిగులు బ్యాటరీ ఒంటికి ఆనించుకునే తిరుగుతాం.
పొద్దున బట్టలు వేసుకుంటూ వేసేసుకున్నాను. నిన్నా అంతే.
కెమెరా అమ్మేశానని
ఈ చేతికి ఎవరూ చెప్పినట్టు లేదు."

డబ్బులిస్తానంటే తల అడ్డంగా ఊపాడు.
నేను మనుషుల్ని కాళ్ళ వైపు నుంచి చదువుతాను:
ఎడమ బూటు మడమ నోరు తెరిచి, లోపల అట్టముక్క.
"ఇటు విప్పు" అన్నాను. మంచులో
పక్క దుకాణంవాడి రబ్బరు చెప్పులో కాలు పెట్టి నిలబడ్డాడు,
నా కంటే ఎక్కువ సిగ్గుపడుతూ.

"ఆ సోమరిదాన్ని చెత్తలో వేయకు, అంటుకుంటుంది. ఇటివ్వు."
ఇచ్చాను. లోపలి జేబులో వేసుకుని
పైనుంచి ఒకసారి తట్టుకున్నాడు.
"బరువు సరిపోయింది" అన్నాడు.

ఇప్పుడు రాత్రి. ఒకటో నంబరు తింటోంది.
మిణుకుకీ మిణుకుకీ మధ్య
మైనం రాసిన దారంతో సరిగ్గా ఒక కుట్టు పడుతుంది.
మడమ సగం అయింది.
కుట్టు కనపడుతోంది.